తెరకు అవతల ఎవరు?

"మీరు నోరు విప్పకపోతే సాయంత్రానికల్లా లోపల వేస్తారు. నేను కాదు, పొద్దున మీ ఇంటికొచ్చినాయన వేస్తాడు. ఆ సంగతి తెలుసా మీకు?"

"తెలుసు," అంది కౌన్సెలర్.

"తెలిస్తే చెప్పండి. చివరిసారి మాట్లాడినప్పుడు ఆవిడ మీతో ఏమంది?"

"చెప్పను."

ఇన్‌స్పెక్టర్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. తప్పిపోయినవాళ్ళను వెతికే విభాగంలో చేరినప్పటి నుంచి ఆమె ఎంతోమంది మొండిఘటాలను చూసింది. ఏడ్చేవాళ్ళను, అబద్ధాలాడేవాళ్ళను, లాయర్లకు ఫోన్ చేసేవాళ్ళను చూసింది. ఇంత నెమ్మదిగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని, మంచినీళ్ళు వద్దన్నంత మామూలుగా 'చెప్పను' అనే మనిషిని మాత్రం చూడలేదు. చిటపటలాడే స్వభావం వల్ల స్టేషన్లో తన వెనకాల తనను 'ఆవాలు' అంటారని ఆమెకు తెలుసు. ఆ క్షణంలో ఆ పేరు తనకు సరిగ్గా సరిపోయిందని ఆమెకే అనిపించింది.

జరిగింది ఇదీ. మూడు రోజుల క్రితం ఒకప్పుడు ఈత కోచ్‌గా పనిచేసిన ఒకావిడ కనిపించకుండా పోయింది. ఊరి బయట చెరువు గట్టు మీద ఆవిడ కారు దొరికింది. కారులో ఫోన్ ఉంది. అందులోంచి భర్తకు వెళ్ళిన ఆఖరి సందేశం: 'ఇక నా వల్ల కాదు. నన్ను క్షమించు.' భర్త పేరున్న పళ్ళ డాక్టరు. 'నా భార్యకు కొన్ని నెలలుగా కంప్యూటర్‌లో వైద్యం చేస్తున్నానని చెప్పి ఒక కౌన్సెలర్ ఆమె మనసు విరిచేసింది, చావు వైపు తోసింది' అని ఆయన ఫిర్యాదు ఇచ్చాడు. క్రైమ్ బ్రాంచ్ వాళ్ళు పొద్దున్నే వచ్చి కౌన్సెలర్ లాప్‌టాప్, ఫోన్ పట్టుకుపోయారు. ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి బల్ల మీద చార్జరు తీగ ఒక్కటే వేలాడుతోంది.

అది గదిలో సగం. పుస్తకాల బీరువా అడ్డంపెట్టి పడకగదిలోంచి విడదీసిన సగం. కుర్చీ వెనక బొమ్మలు లేని గోడ. ముఖం మీద వెలుగు పడేలా తిప్పిన దీపం. మాట బయటికి పోకుండా తలుపు కింద దూర్చిన దుప్పటి చుట్ట.

"మనిషి ప్రాణం పోయాక కూడా రహస్యమేనా?" అంది ఇన్‌స్పెక్టర్. "మీ నియమాలు మీరు బల్ల మీద పెట్టుకుని పూజ చేసుకోండి. అక్కడ గజ ఈతగాళ్ళు మూడు రోజులుగా నీళ్ళలో దేవులాడుతున్నారు."

కౌన్సెలర్ ముఖం ఎర్రబడింది. గొంతు మాత్రం లేవలేదు. మాట మాటకూ మధ్య కాస్త ఎడమిచ్చి, చివర్లు సాగదీసి మాట్లాడే అలవాటు ఆమెది.

"నా దగ్గరకొచ్చేవాళ్ళలో సగం మందికి సొంత ఇంట్లో తలుపు మూసుకునే దిక్కు లేదండీ. ఒకాయన మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చుని మాట్లాడతాడు. ఒకమ్మాయి బాత్రూమ్‌లో కుళాయి తిప్పి పెట్టుకుని, పెదవి కదపకుండా టైపు చేస్తుంది. ఎదురుగా కూర్చుంటే మనిషి మొత్తం కనిపిస్తారు. తెర మీద భుజాల దాకానే. కింద చేతులు వణుకుతున్నాయా, కాలు ఆడిస్తున్నారా, పక్కన ఎవరైనా నిలబడి వింటున్నారా అన్నీ నేను అడిగే తెలుసుకోవాలి. అడిగితే చెప్తారు. ఎందుకు చెప్తారు? ఆ మాట ఈ దుప్పటి దాటదని నమ్మారు గనక."

"ప్రాణం మీదికొస్తే?"

"అప్పుడు చెప్పేస్తాం. మీ అనుమతి లేకపోయినా చెప్తానని మొదటి రోజే వాళ్ళతో అంటాను."

"మరింకేం? చెప్పండి!"

"ప్రాణం మీదికొస్తే చెప్తానన్నాను. చెప్పటం లేదంటే..." కౌన్సెలర్ అక్కడితో ఆగి పెదవి కొరుక్కుంది.

తలుపు తోసుకుని ఆమె అత్తగారు మంచినీళ్ళ గ్లాసుతో వచ్చింది. "మా కోడల్ని అంతంత గొంతుతో అడుగుతున్నారేంటమ్మా? మీకో సంగతి చెప్పనా? ఈవిడ లోపల మాట్లాడుతుంటే నేను మిక్సీ కూడా వెయ్యను. సీరియల్ శబ్దం తీసేసి చూస్తా. ఎవరు ఎవరి మొగుడో తెలియకుండానే ఇన్నాళ్ళుగా ఏడుస్తున్నా. అంత కాపలా కాసిన గదిలోకి పొద్దున ఆ పోలీసాయన వచ్చి, బూట్లతో..."

"అత్తయ్యా, వద్దు."

"ఎందుకొద్దు? చెప్పు! జీపులో పక్క సీట్లో ఎవర్ని కూర్చోబెట్టుకొచ్చాడో చెప్పు!"

కౌన్సెలర్ తలెత్తి ఇన్‌స్పెక్టర్ కళ్ళలోకి చూసింది. ఇప్పుడు ఆ కళ్ళలో నెమ్మది లేదు.

"ఆవిడ భర్తని. నా గది సోదా చేస్తుంటే ఆయన గుమ్మంలో నిలబడి చూశాడు. నా బీరువా, నా కుర్చీ, నా గోడ, అన్నీ. పోలీసులంటే నాకు ఈ పూట తెలిసింది అది. మీరు ఆ జీపు మనిషి కారని నేనెలా నమ్మాలి?"

ఫిర్యాదుదారును సోదాకు వెంట తీసుకెళ్ళే బుద్ధి ఎవరికి పుట్టిందో ఇన్‌స్పెక్టర్‌కు అడగక్కర్లేకుండానే తెలిసింది. కోపం అటు తిరిగింది.

"నాకొక్క సాయం చెయ్యండి," అంది కౌన్సెలర్, ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడ్డాక. "లాప్‌టాప్ మధ్యాహ్నం మూడింటికి ఒక్క గంట ఇప్పించండి. నాకోసం తెర ముందు ఎదురుచూసేవాళ్ళున్నారు. రావట్లేదని చెప్పడానికి కూడా నా దగ్గర ఫోన్ లేదు."

"ఎవరు ఎదురుచూస్తారు?"

కౌన్సెలర్ తల అడ్డంగా ఊపింది. ఇన్‌స్పెక్టర్ విసురుగా అత్తగారి ఫోన్ నంబరు అడిగి తీసుకుని మెట్లు దిగింది.

జీపులో హెడ్ కానిస్టేబుల్ స్టీరింగ్ పట్టుకుని ఉంది. స్టేషన్లో పెద్దా చిన్నా అందరూ ఆమెను 'పిన్ని' అంటారు. "ఏమందమ్మా?" అంది పిన్ని.

"ప్రాణం మీదికొస్తే చెప్తానంది. చెప్పటం లేదంటే, అని ఆగిపోయింది." ఇన్‌స్పెక్టర్ తలుపు ధడాలున వేసుకుంది. "ఆ వాక్యం మిగతా సగం నాకు కావాలి పిన్నీ. ముందు ఆ మొగుడి దగ్గరికి పోనీ."

*

పళ్ళ డాక్టరు పనిలో ఉన్నాడు.

పెళ్ళాం నీళ్ళలో పడి మూడు రోజులైందంటున్న మనిషి, తెల్లకోటు వేసుకుని, ఎవరిదో దవడ పన్ను పీకి, చేతులు శుభ్రంగా కడుక్కుని బయటికొచ్చాడు. కూర్చోమన్నాడు. కాఫీ తెప్పించమంటారా అన్నాడు. ఇన్‌స్పెక్టర్, వెంట వచ్చిన పిన్ని నిలబడే ఉన్నారు.

"మీ ఆవిడ కౌన్సెలింగ్ తీసుకుంటున్నట్టు మీకెప్పుడు తెలిసింది?"

"తను పోయాకే మేడమ్. వాళ్ళ స్నేహితురాలు చెప్పింది."

"అంతకుముందు?"

"అసలు తెలియదు. తెలిస్తే ఊరుకుంటానా?" ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మనసు బాగాలేకపోతే నాతో చెప్పుకోవాలి. భర్తనున్నాను. ఉద్యోగం ఎందుకు, ఇంట్లో ప్రశాంతంగా ఉండమని నేనే మాన్పించాను. ఏ లోటూ లేదు. అలాంటి మనిషికి ఎవరో ముక్కూముఖం తెలియనావిడ తెర మీద కూర్చుని వైద్యం చేయడమేంటి? అది వైద్యమా? 'నీళ్ళలో బుడగలు వదిలినట్టూ... మెల్లగా ఊపిరి వదలండీ...' చిన్నపిల్లలకు చెప్పే మాటలు!"

పిన్ని ఇన్‌స్పెక్టర్ వైపు చూసింది. ఇన్‌స్పెక్టర్ మాత్రం కదల్లేదు. ఆయన వెటకారంగా చేసిన ఆ గొంతు, ఆ ఎడం, ఆ చివరి సాగతీత గంట క్రితం ఆమె చెవులతో విన్నదే. అచ్చం అదే.

"పొద్దున సోదాకు వెళ్ళారట. ఆ కౌన్సెలర్ మీతో మాట్లాడిందా?"

"నాతోనా? ఒక్క మాట లేదు. నన్ను చూడగానే నోటికి తాళం వేసుకుంది. ఆ పెద్దావిడే శాపనార్థాలు పెట్టింది."

"అంతకుముందు ఎప్పుడైనా మాట్లాడారా?"

"ఎప్పుడూ లేదన్నాను కదా."

"మరి ఈ బుడగల సంగతి మీకెవరు చెప్పారు?"

తుడుస్తున్న అద్దాలు ఆగిపోయాయి. అంతలోనే మళ్ళీ కదిలాయి. "నా భార్యే అని ఉంటుంది. ఎప్పుడో, మాటల్లో."

"కౌన్సెలర్ ఉన్నట్టే తెలియని మీకు, ఆ కౌన్సెలర్ చెప్పిన మాట మీ ఆవిడే చెప్పిందా?"

"మేడమ్, నేను భార్యను పోగొట్టుకున్నవాణ్ణి. ముద్దాయిని కాను."

"ఇంకొక్కటే అడుగుతా. మూడు రోజులుగా ఆ గట్టు మీద నేనున్నాను. మీ ఆవిడ కోసం పడవలు తిరుగుతున్నాయి. ఊళ్ళోవాళ్ళంతా వచ్చి నిలబడ్డారు. మీరు ఒక్కసారి కూడా రాలేదేం?"

"చూడలేను. నా గుండె తట్టుకోదు."

"పన్ను పీకడానికి తట్టుకుంటోందిగా!"

ఆయన ముఖంలో మర్యాద ఒక్క క్షణం తప్పుకుంది. కింద ఉన్నది ఇన్‌స్పెక్టర్ స్పష్టంగా చూసింది. దుఃఖం కాదది. చేతికందాల్సిన వస్తువు అందకపోతే పుట్టే చిరాకు.

"క్రైమ్ బ్రాంచ్‌వాళ్ళు రమ్మన్నారు," అంటూ ఆయన కోటు విప్పాడు. "కనీసం వాళ్ళకైనా నా బాధ అర్థమైంది."

*

చెరువు గట్టు మీద దొరికిన కారును పోలీసు కార్యాలయాల ఆవరణలో, రేకుల షెడ్డు కింద పెట్టారు. క్రైమ్ బ్రాంచ్ కూడా అదే ఆవరణలో, ఎదురు మేడ మీద.

"చూసేశారటమ్మా వాళ్ళు," అంది పిన్ని. "ఏం లేదని రాసేశారు."

"వాళ్ళు ముందు సీటు చూసుంటారు. మనం వెనక సీటు చూద్దాం."

డ్రైవరు సీటు బాగా ముందుకు జరిపి ఉంది. ఆవిడ పొట్టి మనిషి. కారు ఆవిడే నడుపుకుంటూ వెళ్ళింది, ఎవరూ ఎత్తుకుపోలేదు. వెనక సీట్లో ఒక మూలకు దిండు. పక్క కిటికీలకు నల్లగుడ్డ, బట్టలకు పెట్టే క్లిప్పులతో బిగించి ఉంది. ఎదుటి సీటు వీపుకు ఫోన్ నిలబెట్టే స్టాండు. స్టాండుకు అభిముఖంగా కూర్చుని చూసింది ఇన్‌స్పెక్టర్. తలుపులన్నీ మూయమంది. లోకం చప్పుడు ఆగిపోయింది.

"పిన్నీ, ఇదే ఆవిడ గది," అంది. "అంత పెద్ద ఇంట్లో ఏడవడానికి చోటు లేక, కారు షెడ్డులో పెట్టి, కిటికీలకు గుడ్డలు కట్టుకుని, ఇక్కడ కూర్చుని మాట్లాడుకుంది."

పిన్ని తాళం తిప్పింది. స్టీరియో దానంతటదే వెలిగి, ఫోన్ కోసం వెతకడం మొదలుపెట్టింది. అంటే చెవిలో ఏమీ పెట్టుకునేది కాదు ఆవిడ. కౌన్సెలర్ గొంతు కారు స్పీకర్లలోంచే వచ్చేది.

అప్పుడు చూసింది ఇన్‌స్పెక్టర్. ముందద్దం మధ్యలో, పై అంచుకు, చిన్న నల్ల కెమెరా. ప్రమాదాలు జరిగితే సాక్ష్యానికని ఈ రోజుల్లో చాలా కార్లకు పెట్టించుకుంటున్న రకం. మామూలుగా దాని కన్ను రోడ్డు వైపు ఉండాలి. ఇది లోపలికి తిరిగి ఉంది. సూటిగా వెనక సీటు మూలకు, దిండు పెట్టిన చోటికి. రికార్డయిన బొమ్మా మాటా దాచే కార్డు ఉండాల్సిన గాడి ఖాళీగా ఉంది.

ఇన్‌స్పెక్టర్ పళ్ళు పటపటా కొరికింది. "విన్నాడు. మొదటి రోజు నుంచీ విన్నాడు. ఆవిడ మనసు విప్పిన ప్రతి మాటా సాయంత్రం కూర్చుని తీరిగ్గా విన్నాడు, వెధవ!"

"ఏంటి తల్లీ, కారులో కూర్చుని ఒక్కదానివే తిట్టుకుంటున్నావ్?"

షెడ్డు గుమ్మంలో క్రైమ్ బ్రాంచ్ ఇన్‌స్పెక్టర్ నిలబడి ఉన్నాడు. శిక్షణలో ఆమె తోటివాడు. పొద్దున వేసుకున్న చొక్కా సాయంత్రానికి కూడా మడత నలగదు గనక ఆయన్ను అందరూ 'ఇస్త్రీ' అంటారు. మడత నలిగే పని ఎప్పుడూ చేయడని ఆ మాటకు ఇంకో అర్థం కూడా ఉంది.

ఇన్‌స్పెక్టర్ కారులోంచి దిగింది. "ఫిర్యాదు ఇచ్చినవాణ్ణి జీపులో ఎక్కించుకుని సోదాకు వెళ్ళావట. బుద్ధుందా నీకు?"

"బాధితురాలి భర్త. ఏడుస్తుంటే వద్దనలేకపోయాను. నీలా రాతిగుండె కాదు నాది." ఇస్త్రీ నవ్వాడు. "అయినా తప్పిపోయినవాళ్ళను వెతకడం నీ పని. చచ్చిపోయినవాళ్ళు నా పని."

"శవమేది?"

"దొరుకుతుంది."

"దొరకదు. ఆవిడ ఈత నేర్పే మనిషి. చావాలనుకున్న ఈతగత్తె నీళ్ళెందుకు ఎంచుకుంటుంది? నీళ్ళలో పడగానే చేతులూ కాళ్ళూ వాటంతటవే ఆడతాయి. ఆ మాత్రం ఆలోచించావా? 'ఇక నా వల్ల కాదు, క్షమించు' అని మొగుడికి రాసింది. అది చచ్చేవాళ్ళే రాయాలా? ఆచూకీ తెలియకుండా కారూ ఫోనూ ఇల్లూ వదిలి పోయేవాళ్ళు రాయకూడదా?"

"అంటే పారిపోయిందంటావా?"

"ఆ సంగతి వాడికి మొదటి రోజే తెలుసంటాను! అందుకే గట్టు వైపు తొంగి చూడలేదు. నీళ్ళలో లేని మనిషి కోసం నీళ్ళ దగ్గర ఏం చేస్తాడు? వాడికి కావలసింది కౌన్సెలర్ దగ్గరున్న సమాచారం. అది చేతికి రావాలంటే పోలీసులు కావాలి. మొగుడు వెళ్ళి అడిగితే ఇవ్వరు గనక ఒక ఆత్మహత్య కథ అల్లాడు. నువ్వు ఇస్త్రీ బట్టలేసుకుని వెళ్ళి తెచ్చిపెట్టావు."

ఇస్త్రీ నవ్వు పలచబడింది. "కథలు బాగా చెప్తావు. సాక్ష్యం?"

ఆమె అతని భుజం పట్టుకుని కారు వైపు తిప్పి కెమెరా చూపించింది. కన్ను ఎటు చూస్తోందో, కార్డు ఎక్కడ లేదో, స్టీరియో దేనికోసం వెతుకుతోందో చూపించింది. బుడగల మాట చెప్పింది. ఇస్త్రీ వంగి ఆ ఖాళీ గాడిలోకి చూశాడు.

"లాప్‌టాప్ ఎక్కడుంది?" అంది ఇన్‌స్పెక్టర్.

ఇస్త్రీ ఎదురు మేడ వైపు చూశాడు.

"ఎక్కడుందంటే చెప్పవేం?"

"నా గదిలో. తెరిచే ఉంది. ఆవిడ పాత సంభాషణలు..." అతను మెడ దగ్గర గుండీ సర్దుకున్నాడు. "అవి తన భార్య రాసినవేనా, భాష గుర్తుపడతానన్నాడు డాక్టరు. కూర్చుని చదవమన్నాను."

"ఎప్పుడు?"

"రెండున్నరకొచ్చాడు. ఇంకా అక్కడే ఉంటాడు."

పిన్ని చేతి గడియారం చూసి, "మూడుంబావు దాటిందమ్మా," అంది.

ఇన్‌స్పెక్టర్‌కు ఆ క్షణంలో వచ్చిన కోపం ఎదుటివాడి చొక్కా పట్టుకునే రకం కాదు. చేతులు చల్లబడిపోయే రకం. ఆమె కౌన్సెలర్ అత్తగారి నంబరుకు ఫోన్ కలిపింది. "మీ కోడలికివ్వండి. త్వరగా!" అని, అవతల కౌన్సెలర్ గొంతు వినపడగానే పూర్తి మాట కూడా రానీయలేదు. "వినండి. కారులో కెమెరా పెట్టి అతను మీ మాటలన్నీ విన్నాడు. నాకు తెలిసింది. ఇప్పుడు మీ లాప్‌టాప్ ముందు అతనే కూర్చున్నాడు. ఇంకా నమ్మకపోతే మీ ఇష్టం. మూడింటికి ఎవరొస్తారు తెర మీదికి?"

"ఆవిడే," అంది కౌన్సెలర్. "బతికే ఉంది. క్షేమంగా బయటపడ్డానని నాకొక్క సందేశం పంపింది, చదవగానే చెరిపేశాను. ఇవాళ మూడింటికి కొత్త ఫోన్ నుంచి మాట్లాడతానంది. నేను ఎక్కడా రాసుకోలేదు, ఎవరికీ చెప్పలేదు. ఆవిడ ఎక్కడుందో నాకు కూడా తెలియదు. తెలియకపోవడమే మంచిదనుకున్నాను." గొంతు వణికింది. "అయ్యో, ఇన్‌స్పెక్టర్ గారూ! సెషన్ మొదలుపెట్టగానే నేను ప్రతివాళ్ళనీ ఒకటే అడుగుతాను. ఇప్పుడు ఎక్కడున్నారు, పూర్తి చిరునామా చెప్పండి, అని. ఉన్నట్టుండి ఏదైనా అయితే సాయం పంపాలి కదా! ఆవిడకు అది అలవాటే. అడిగితే ఆలోచించకుండా చెప్పేస్తుంది. అతనికీ తెలుసు ఆ సంగతి. విన్నాడన్నారు కదా!"

"ఫోన్ పెట్టొద్దు. లైన్లోనే ఉండండి," అని ఇన్‌స్పెక్టర్ పరుగెత్తింది.

*

ఇస్త్రీ గది బయట కాపలా కానిస్టేబుల్ లేచి సెల్యూట్ చేశాడు. "డాక్టరు గారా సార్? వెళ్ళి పది నిమిషాలవుతోంది. పేషెంటుకు నొప్పి ఎక్కువైందట. చాలా మర్యాదగా చెప్పి వెళ్ళారు."

లోపల కుర్చీ ఖాళీ. లాప్‌టాప్ వెలుగుతోంది. తెర మీద రెండు నల్లటి చతురస్రాలు, అటు కెమెరా ఆపి ఉంది, ఇటు కూడా. పక్కన టైపు చేసిన మాటలు.

'నమస్తే అండీ. ఇవాళ నెట్ బాగాలేదు. కెమెరా, మైకు వద్దు. రాసుకుందాం. ముందు మీరెక్కడున్నారో పూర్తి చిరునామా చెప్పండి.'

కింద ఆవిడ జవాబు. పాత గోదాముల వెనక వీధి, ఇంటి నంబరు, మేడ మీద గది. ఆ తర్వాత, 'చాలా రోజుల తర్వాత నిద్రపోయానండీ నిన్న,' అని ఒక వాక్యం.

దాని కింద అతను రాసిన ఆఖరి మాట. 'చాలా సంతోషం. ఒక్క పది నిమిషాలు అలాగే కూర్చోండి. వచ్చేస్తాను.'

వెనక నుంచి అది చదివిన ఇస్త్రీ గోడకు చెయ్యి ఆన్చాడు. ముఖం సున్నంలా అయిపోయింది.

"నిలబడి చూస్తావేం?" ఇన్‌స్పెక్టర్ అరుపుకు వరండాలో ఉన్నవాళ్ళు ఉలిక్కిపడ్డారు. "ఆడమనిషి ఏడుపును వాడికి పళ్ళెంలో పెట్టి ఇచ్చావు. ఇప్పుడు చిరునామా కూడా ఇచ్చావు! ఆ వీధికి దగ్గర్లో ఎవరున్నా సరే పంపు. నువ్వూ కదులు! పిన్నీ, నువ్వు జీపు తియ్యి, ఈయన కంటే ముందు చేరాలి!"

ఇస్త్రీ వైర్‌లెస్‌లో అరుస్తూ మెట్ల మీద పడుతూ లేస్తూ పరుగెత్తాడు. అతని వెనకాలే పిన్ని. ఇన్‌స్పెక్టర్‌కూ కాళ్ళు ఆగలేదు. కానీ ఆ వీధిలో ఆ మేడ మీద ఉన్న మనిషిని ఈ క్షణంలో అందుకోగలిగింది ఈ బల్ల మీదున్న తెర ఒక్కటే. ఆమె కుర్చీలో కూర్చుని మైకు, కెమెరా రెండూ ఆన్ చేసింది. తన ఫోన్ స్పీకర్ పెద్దది చేసి లాప్‌టాప్‌కు ఆనించి పట్టుకుంది.

"మాట్లాడండి. ఆవిడకు వినపడుతుంది. ముందు తలుపు వేసుకోమనండి."

"నేనండీ," అంది కౌన్సెలర్ గొంతు. వణుకు ఎటుపోయిందో పోయింది. అదే నెమ్మది, అదే ఎడం. "ఇది నా గొంతే, గుర్తుపట్టారా? ఇందాక మీతో రాసింది నేను కాదు. కంగారుపడకండి. నేను చెప్పినట్టు చెయ్యండి. ముందు తలుపు గడియ పెట్టండి. పెట్టాక మాట్లాడుకుందాం."

నల్లటి చతురస్రం వెలిగింది. పొట్టి జుట్టు, వెడల్పాటి భుజాలు, నిద్ర తీరిన కళ్ళు. ఆ కళ్ళు తెరలో తెలియని పోలీసు ముఖాన్ని చూసి పెద్దవయ్యాయి.

"మీరెవరు? ఆవిడేరీ?"

"ఇక్కడే ఉన్నాను, ఫోన్లో. ఈ మేడమ్ మన మనిషి. గడియ పెట్టారా?"

"గడియ లేదండీ. లోపలిది ఊడిపోయింది. గొళ్ళెం బయటే ఉంది." ఆవిడ లేచి నిలబడింది. "ఎందుకు? ఎవరు రాశారు నాతో? చెప్పండి, ఎవరు?"

కౌన్సెలర్ ఒక్క క్షణం కూడా తడబడలేదు, అబద్ధమూ చెప్పలేదు. "మీ ఆయన. అక్కడికి బయల్దేరాడు. పోలీసులు కూడా బయల్దేరారు. ఈలోపు మంచం తలుపుకు అడ్డంగా లాగండి. మీ భుజాల బలం నాకు తెలుసు. లాగండి. నేను ఎక్కడికీ పోను, లైన్లోనే ఉంటాను."

ఆవిడ ఏడవలేదు. కేక పెట్టలేదు. పళ్ళు బిగించి మంచం కోడు పట్టుకుంది. నేల మీద ఇనుము రాసుకున్న చప్పుడు లాప్‌టాప్‌లోంచి కీచుగా వినిపించింది. మంచం సగం దూరం వచ్చింది. ఇన్‌స్పెక్టర్ పిడికిళ్ళు బిగించి తెరలోకి వంగింది.

అప్పుడే ఆ గది కిటికీ కింద నుంచి, ఇంటి యజమానురాలు కాబోలు, ఒక ముసలి గొంతు సంబరంగా పిలిచింది.

"అమ్మాయ్! మీ ఆయనటమ్మా, డాక్టరు గారు! నువ్వు అలిగి వచ్చేశావని పాపం కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఎంత మర్యాదస్తుడమ్మా! పైకి పంపించాను, తలుపు తియ్యి!"